తొట్టెలనాటి పాలు

అశ్రిత ఆడిన అబద్ధం చిన్నదే. "నాకు పాలు పడలేదు" అంది, అంతే. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట మీదే బండి నడిపించింది. ఇవాళ ఆ మాటే తిరిగి వచ్చి ఆమె వాకిట్లో కూర్చుంది.

కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం జరిగింది కాస్త చెప్పుకుందాం. సూరారంలో ఫ్యాక్టరీ వాచ్‌మన్ జనార్ధన్ కూతురు అశ్రిత. తల్లి చిన్నప్పుడే పోయింది. శామీర్‌పేట పక్క ఊళ్లో తాతలనాటి పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతున్న మల్లేశం, తన ఒక్కగానొక్క కొడుకు ప్రవీణ్‌కు ఆ పిల్లను ఏరికోరి చేసుకున్నాడు. సూరారంలో ఆ వాడంతా ముక్కున వేలేసుకుంది. ఎంత అదృష్టమో అన్నారు. ఆ అదృష్టం ఏపాటిదో, కడుపుతో ఉన్నప్పుడు మేడ్చల్‌లో రక్తం పరీక్ష చేస్తే తేలింది. హెచ్ఐవి ఉందన్నారు. ప్రవీణ్‌కు చెబితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడకు చెబుతున్నట్టు, "మా అమ్మకు మాత్రం చెప్పకు, గుండె ఆగి సస్తది" అన్నాడు. అశ్రిత చెప్పలేదు. అత్త గుండెను కాపాడే పని కూడా ఆ పిల్ల నెత్తినే పడింది.

చెప్పుకోవడానికి దొరికింది ధరణి ఒక్కతే. ఇలాంటి ఆడవాళ్ల కోసం మేడ్చల్‌లో నడుస్తున్న చిన్న కేంద్రంలో ఆమె సలహాదారు. ఉండేది అల్వాల్‌లో. నాన్నది రైల్వే ఉద్యోగం, సొంతూరు కోస్తా వైపు, పెరిగిందంతా క్వార్టర్లలో, కాలనీల్లో. నొప్పులు మొదలైనప్పుడు తల్లి మింగాల్సిన మాత్ర, పుట్టగానే బిడ్డకు వేయాల్సిన చుక్కల మందు ఆమే దగ్గరుండి ఇప్పించింది. తల్లి పాలలోంచి కూడా జబ్బు పాకుతుందని, చన్ను అందించవద్దని, డబ్బా పాలు మొదలుపెట్టాక మధ్యమధ్య చనుబాలు పట్టడం మరీ ప్రమాదమని పదేపదే చెప్పింది.

"మరి మా అత్తమ్మ అడుగుతది కద మేడం?" అంది అశ్రిత ఆ రోజు.

"పాలు పడలేదని చెప్పమ్మా. ఎంతమందికి పడవు! డాక్టరుగారు డబ్బా పాలు పట్టమన్నారని చెప్పెయ్యి. ఇంక ఎవరూ అడగరు."

ధరణి మంచి మనిషి, అందులో సందేహం లేదు. కానీ ఆమె ఎరిగిన కాలనీల్లో తల్లికి పాలు పడకపోతే తండ్రి మందుల షాపుకు వెళ్లి డబ్బా తెస్తాడు, అంతటితో సరి. మల్లేశం ఇంటిలాంటి ఇళ్లలో పాలు పడకపోతే అసలు గొడవ అప్పుడే మొదలవుతుంది. మెంతులు, వెల్లుల్లి, బొప్పాయి కూర, దిష్టి తీయడం, మొక్కులు. అవన్నీ అయిపోయాక ఇంకో తల్లి పాలు. ఈ సంగతి ధరణికి చెప్పాల్సింది అశ్రితే. తల్లి లేని పిల్ల, ఆమెకూ తెలియదు.

పైగా పాలు బాగానే పడ్డాయి. పిల్లవాడు ఏడిస్తే చాలు రవిక తడిసిపోతుంది. రొమ్ముల మీద మల్లెపూలు కట్టుకుంటే పాలు ఎండిపోతాయని సూరారంలో ఎవరో అనుకుంటుంటే ఎప్పుడో విన్నది. ఎండాకాలం, మల్లెల రోజులు. జడలోకని పూలు తీసుకుని, సగం జడలో పెట్టుకుని, సగం లోపల గుడ్డలో చుట్టి బిగించుకునేది. వాడిపోయినవి స్నానాల గది వెనక్కి విసిరేసేది. కన్నబిడ్డ నోరు తెరిచి వెతుక్కుంటుంటే ఆమె ముఖం పక్కకు తిప్పుకుని సీసా అందించేది. పూల వాసన అంటేనే రోత పుట్టింది.

ఇవాళ పిల్లవాడికి ఇరవై ఒకటో రోజు, ఉయ్యాలలో వేసే వేడుక. తొట్టెల.

మల్లేశం ఇంటి ముందు షామియానా వేశారు. మండలం ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కనక మనవడి తొట్టెల పేరున ఊరందరికీ భోజనాలు. మగవాళ్లంతా షామియానా కింద, వాళ్లలో ఒక మూల కుర్చీ అంచున ఇస్త్రీ చొక్కాతో జనార్ధన్. ప్రవీణ్ వచ్చినవాళ్లకు దండాలు పెడుతూ మధ్యమధ్య దగ్గుతున్నాడు. లోపల పెద్ద గదిలో ఆడవాళ్లు, నడుమ బంతిపూలు చుట్టిన తొట్టె.

అశ్రిత పక్కనే చాప మీద ప్రవీణ్ అక్క మనోరమ తన చంటిపిల్లకు పాలిస్తోంది. మనోరమది సుచిత్ర దగ్గర కాపురం. ఆ ఇంట్లో అశ్రితతో నవ్వుతూ మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. బిడ్డకు గుడ్డ ఎలా చుట్టాలో నేర్పింది, తన పిల్ల చిన్న గౌన్లన్నీ మూటకట్టి తెచ్చిపెట్టింది. పాలు తాగి నిద్రపోయిన పిల్లను మనోరమ చాప మీద పడుకోబెడితే అశ్రిత వంగి దాని చెంప మీద ముద్దు పెట్టుకుంది. ముద్దుల వల్ల ఈ జబ్బు అంటదని ధరణి ఎన్నోసార్లు చెప్పింది గనక ఆ ఒక్క సంతోషం ఆమెకు మిగిలింది.

"పిల్లగాన్ని తొట్టెల ఏసే యాళ్లయింది" అంటూ అత్త బుచ్చమ్మ లోపలికి వచ్చింది. పట్టుచీర, మెడనిండా బంగారం, వెనక ఇంకో మనిషి. "మా ఇండ్ల పిల్లగాడు తల్లి పాలు తాగి కడుపునిండి తొట్టెల పండాలె. డబ్బా పాలతోని తొట్టెల ఎక్కినోడు మా వంశంల లేడు. కోడలికి పాలు పడకపాయె. అందుకే ఈదమ్మను పిలిపించిన."

గదిలో గుసగుస బయలుదేరింది. ఈదమ్మ వాళ్ల పొలాల్లో కలుపు తీసే కూలిమనిషి. ఊరవతలి వాడలోంచి వస్తే వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్లాలి, గడప దాటి ఎన్నడూ లోపలికి వచ్చింది లేదు. అలాంటి మనిషి పాలు ఆ ఇంటి మనవడికా?

"సోదమ్మ చెప్పింది" అంది బుచ్చమ్మ, ఎవరూ అడగకముందే. "ఊరి దేవత ఈదమ్మ తల్లి పేరు పెట్టుకున్న ఆడిమనిషి పాలు పట్టితె పిల్లగానికి మంచిదట. మొక్కు. కాదంటమా?"

మొక్కు అన్నాక ఎవరు కాదంటారు. ముసలమ్మలు తలలూపారు.

ఈదమ్మ గోడ పక్కన ఒదిగి కూర్చుంది. ఒళ్లో ఆమె కూతురు, ఇప్పుడిప్పుడే కూర్చోవడం నేర్చిన పిల్ల. ఆ గదిలోకి అడుగుపెట్టడమే ఒక గౌరవంలా ఉంది ఈదమ్మకు. ముఖం వెలిగిపోతోంది. ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది.

"మా పోరికి పండ్లొస్తున్నయమ్మా, ఊకె కొరుకుతాంది" అంది అశ్రితతో, సిగ్గుపడుతూ నవ్వి. "కొరికిన కాడ చీలి నెత్తురొస్తాంది. అయినా పాలకేం తక్కువ లేదు. ఇద్దరికి సాలుతయి."

అశ్రిత ఒళ్లో ఉన్న కొడుకు నోరు చూసింది. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పూసింది. పొద్దున వేలికి గుడ్డ చుట్టి తుడిస్తే ఎర్రగా నెత్తురు చిమ్మింది. "బాబుకు వచ్చిందో లేదో ఏడాదిన్నర నిండాక చేసే పరీక్షలో గాని ఖాయంగా చెప్పలేం, అప్పటిదాకా వాడి రక్తం ఎవరి పుండుకూ తగలనివ్వకు" అని ధరణి చెప్పిన మాట చెవిలో మోగింది. వాడి నోట్లో పుండ్లు, ఈమె రొమ్ము మీద పుండు. ఎట్లా ఆపాలి?

అప్పుడు ఆమె చూపు మనోరమ మీద పడింది. పాలు కారి తడిసిన రవికను కొంగుతో తుడుచుకుంటోంది మనోరమ. ఇంటి ఆడబిడ్డ, పాలున్న మనిషి, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. మేనత్త పాలుండగా వాడలోంచి మనిషిని ఎందుకు పిలిపించినట్టు? ఆ ప్రశ్న తట్టగానే ఆమె కొడుకును ఎత్తుకుని లేచింది.

"అత్తమ్మా, ఒక్కసారి లోపల్కి రాండ్రి. మాట్లాడాలె."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

కొడుకును మనోరమ చేతికిచ్చింది. "వదినా, నేనొచ్చేదాక మీ దగ్గర్నే ఉంచుకోరి. ఎవ్వరికియ్యకుండ్రి" అంది. మనోరమ తలూపింది.

బియ్యం బస్తాలు పెట్టే చిన్న గదిలోకి వెళ్లాక బుచ్చమ్మ తలుపు దగ్గరగా వేసింది. "ఏందో చెప్పు జల్దీ. జనం ఎదురుసూస్తున్నరు."

"ఈదమ్మ పాలు వద్దత్తమ్మా."

"ఎందుకొద్దు?"

"వాని నోట్ల పుండ్లున్నయి. ఆమెకు చీలి నెత్తురొస్తాంది. అంటుకుంటది."

"ఏమంటుకుంటది?"

నోటిపూత అని తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంకో అబద్ధం, దానికి ఇంకో మొక్కు, ఇంకో మనిషి. ఇక చాలనిపించింది అశ్రితకు. "నాకు జబ్బుందత్తమ్మా. రక్తంల. మేడ్చల్ల పరీక్ష చేసి చెప్పిన్రు. పిల్లగానికి గూడ వచ్చిందో ఏమో తెల్వదు" అనేసింది. అనేసి, కూలబడబోయే అత్తను పట్టుకోవడానికి చెయ్యి ముందుకు చాచింది.

బుచ్చమ్మ కూలబడలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, "మెల్లగ మాట్లాడు, గోడవతల ఆడోళ్లున్నరు" అంది.

అశ్రిత చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మీకు... ఎర్కేనా?"

"పూలు నీళ్లగది ఎనక పారేస్తె కండ్ల వడవనుకున్నవా? పాలు పడనోళ్లు మల్లెపూలెందుకు కట్టుకుంటరే పిల్లా? నేను ఇద్దర్ని కన్నదాన్ని."

"గప్పుడు తెలిసిందా మీకు?"

బుచ్చమ్మ బస్తా మీద రాలిన బియ్యం గింజల్ని అరచేత్తో ఒక పక్కకు తోసింది. "అంతకుముందే ఎర్క. వాడు మోటర్‌సైకిల్ మీదికెల్లి పడ్డప్పుడు పట్నంల ఆపరేషన్ జేస్తమని రక్తం తీసిన్రు. అప్పుడు చెప్పిన్రు. మీ పెండ్లికి ముందుగాల."

బయట బ్యాండువాళ్లు ఏదో హుషారు పాట అందుకున్నారు. పెళ్లికి ముందు. ఆ మాట అశ్రిత చెవిలో పడింది గాని లోపలికి దిగడానికి చాలా సేపు పట్టింది. ఎవరి గుండె ఆగుతుందని తను నెలల తరబడి నోరు కుట్టుకుందో, దొంగతనంగా మాత్ర మింగిందో, బిడ్డకు పాలివ్వలేని ఏడుపు దిండులో కుక్కుకుందో, ఆ మనిషి అన్నీ తెలిసే తనను చూడటానికి సూరారం వచ్చింది. పూలు పండ్లు తెచ్చింది. గడ్డం పట్టుకుని "బంగారమసుంటి పిల్ల" అంది.

"మరి నన్నెందుకు చేసుకున్నరు?" అంది.

"పెద్దిండ్లకు పోతె అడుగుతరు. పిలగాడు గింత బక్కగెందుకున్నడు, దవఖానకెందుకు పోయిండు, అని ఊరంత విచారిస్తరు. మీ నాయిన ఏమడగలే. నీకు అడిగెటందుకు తల్లి లేకపాయె." బుచ్చమ్మ కోపంగా అనలేదు. కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పింది. అంతలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కొడుకు ఎన్నాళ్లుంటడో దేవునికెర్క. వాడు పోయినంక ఇంట్ల వాని పేరు మీద ఒక పిల్లగాడన్న తిరగాలె గద. తల్లిని, నేనేం జేస్త చెప్పు."

"నేను గూడ తల్లినే గద అత్తమ్మా."

ఆ మాటకు బుచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "టీవీల, గోడల మీద ఈ రోగం ముచ్చట్లే. పిలగాడు బక్కగైండు, కోడలు పాలియ్యది. జనం రెండు కలుపుకోరా? ఇయ్యాల పది మంది ముంగట పిల్లగాడు పాలు తాగిండంటె ఇగ నోర్లు మూస్తరు."

"గట్లయితె మనోరమ వదినెను పిలువకపోతిరి?"

"మనోరమకు సంసారముంది. చిన్న పిల్లున్నది."

"ఈదమ్మకు లేదా?"

"ఈదమ్మ మనింటి ఆడిబిడ్డనా?"

అంతే. దాన్ని మించి ఆమెకు చెప్పుకోవాల్సిందేమీ ఉన్నట్టు లేదు. అశ్రితకు అసహ్యం వేసింది, భయం వేసింది. అన్నిటికంటే ఎక్కువగా సిగ్గేసింది. ఈదమ్మను ఏరినట్టే, అడిగే దిక్కులేదని తననూ ఏరారు.

తలుపు వైపు కదిలిన కోడలి మోచెయ్యి పట్టుకుంది బుచ్చమ్మ. పట్టు గట్టిగానే ఉంది. "నోరు తెరిస్తె నువ్వొక్కదానివే పోతవు. పిల్లగాడు ఈ ఇంటోడు, ఇక్కడ్నే ఉంటడు. మీ నాయిన గా షామియాన కింద కూసున్నడు, యాదుంచుకో. గింతమంది ముంగట ఆయన తలకాయ ఏడ పెట్టుకుంటడు?"

చెయ్యి విడిపించుకుని అశ్రిత పెద్ద గదిలోకి వచ్చింది.

ఆలస్యమైపోయింది. మనోరమ చేతులు ఖాళీగా ఉన్నాయి. పిల్లవాడు ఈదమ్మ ఒళ్లో, ఆమె రొమ్ముకు కరుచుకుని కళ్లు మూసుకుని తాగుతున్నాడు. పుట్టాక వాడికి మొదటిసారి చన్ను దొరికింది. చుట్టూ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతూ చూస్తున్నారు. ఎవ్వరికీ ఇవ్వొద్దని చెప్పి వెళ్లిన వదిన అశ్రిత కళ్లలోకి చూడలేదు. "అమ్మ ముందుగాలనే చెప్పింది, ఆలస్యం జెయ్యద్దని" అని గొణిగింది.

"మస్తు తాగిండు పటేలమ్మా!" ఈదమ్మ మురిసిపోతూ తల ఎత్తింది. "ఎన్నాళ్లసంది ఆకలి మీదున్నడో. మా పోరి కొరికిన కాడ జెర మండింది గని, ఏం గాదు. రేపటిసంది పొద్దుగాల, మాపు వచ్చి పట్టిపోత." పిల్లవాణ్ని రొమ్ము నుంచి విడదీసింది. వాడి పెదవి మీద పాలు, ఆ పాలల్లో ఎర్రటి చార. అది ఎవరి నెత్తురో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈదమ్మ దాన్ని తన చీర చెంగుతో సుతారంగా తుడిచి, వాణ్ని అశ్రిత వెనకే వచ్చిన బుచ్చమ్మ చేతుల్లో పెట్టింది.

బిడ్డ ఏడుపు లేకపోయినా అశ్రిత రవిక తడుస్తోంది. కొంగు దగ్గరికి లాక్కుంది. ఇంక చేసేదేముంది, అయిపోయింది గదా అని మనసు నచ్చజెప్పింది. రేపు ఎట్లాగో మేడ్చల్ వెళ్లి ధరణి మేడాన్ని అడగొచ్చు. నాయిన అన్నం తింటున్నాడు, తిననియ్యి.

ఇంతలో ఈదమ్మ కూతురు ఏడుపు లంకించుకుంది. తన తల్లి దగ్గర ఇంకో పిల్లవాడు తాగుతుంటే అంతసేపూ ఓర్చుకుంది పాపం. "వచ్చె వచ్చె, నీకు లేకుంటెనా" అంటూ ఈదమ్మ దాన్ని ఎత్తి, అదే రొమ్ముకు, అప్పుడే పిల్లవాడు వదిలిన, ఇంకా తుడవని రొమ్ముకు అందించబోయింది.

"ఈదమ్మా, ఆగు!"

గది మొత్తం తిరిగి చూసింది.

"పిల్లకు పట్టకు. నాకు ఎయిడ్స్ జబ్బుంది. వానికి గూడ ఉండొచ్చు. వాని నోట్ల నెత్తురుంది. పిల్లకు పట్టకు ఈదమ్మా, నీ కాల్మొక్కుత."

ఈదమ్మ నోరు తెరుచుకుని అశ్రితను, ఆ తర్వాత బుచ్చమ్మను చూసింది. "పటేలమ్మా, ఏమంటాంది గీమె?"

బుచ్చమ్మ ముఖంలో ఒక్క గీత చెదరలేదు. మనవణ్ని భుజాన వేసుకుని, జాలిగా తల అడ్డంగా ఊపింది. "పచ్చి బాలింతరాలు. పాలు పడలేదని మనాది వెట్టుకున్నది. సన్ని వట్టినట్టున్నది, రాత్రిసంది గిట్లనే ఏదేదో మాట్లాడుతాంది. ఎవ్వరు పట్టించుకోకుండ్రి."

అప్పుడు అందరికీ ఊపిరి వచ్చింది. అయ్యో పాపం అన్నారు. తల్లి లేని పిల్ల, దిగులుతో మతి తప్పిందన్నారు. ఒకామె లేచి వచ్చి అశ్రిత నుదురు పట్టుకుని చూసింది, ఇంకొకామె ధూపం వేయమంది. "నిజం చెప్తున్న, నమ్మండ్రి" అని అశ్రిత ఏడుస్తూ అంటున్న కొద్దీ వాళ్ల జాలి ఎక్కువైంది. ఏ నిజం చెప్పడానికి ఆమె తన బతుకును పణంగా పెట్టిందో, ఆ నిజాన్ని కొనేవాళ్లు ఆ గదిలో లేరు.

ఈదమ్మ కూడా తేలికగా నవ్వేసింది. "భయపెట్టిస్తివి గదమ్మా" అని, ఏడుస్తున్న కూతుర్ని మళ్లీ దగ్గరికి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే మనోరమ లేచింది. అశ్రిత పక్కన చాప మీద నిద్రపోతున్న తన పిల్లను రెండు చేతులా లాక్కుని, అందర్నీ దాటుకుంటూ గది అవతలి గోడ దగ్గరికి పోయింది. అక్కడ గోడకు ఆనుకుని నిలబడి, ఇందాక అశ్రిత ముద్దు పెట్టిన చెంపను చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. పిల్ల లేచి ఏడుస్తున్నా ఆపకుండా తుడుస్తూనే ఉంది.

ఈదమ్మ అది చూసింది.